తాతయ్య అంబాసిడర్‌కి ఇంజెక్షన్ పెట్టే ముందు

చిన్నా,

విజయవాడ నుంచి మామయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. తాతయ్య 1972 అంబాసిడర్‌కి కార్బరేటర్ తీసేసి, ల్యాప్‌టాప్‌తో ట్యూన్ చేసుకునే, కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ సిస్టమ్ పెడతానంటున్నావు. ఏ కంప్యూటర్ కొనాలి, మెగాస్క్వర్టా, స్పీడుయీనోనా అని అడిగావు. దానికి జవాబు ఈ ఉత్తరంలో బాగా కిందికి వస్తుంది. ఎందుకంటే ఈ పనిలో కంప్యూటర్ చివరగా కొనాల్సిన వస్తువు. ముందు ఇంజిన్ ఆరోగ్యం, తర్వాత కరెంటు, తర్వాత పెట్రోల్ లైను, ఆ తర్వాతే కంప్యూటర్. ఆటోనగర్‌లో ఇన్నేళ్లలో నా దగ్గరికి సగంలో ఆగిపోయి వచ్చిన ఇంజెక్షన్ బళ్లు దాదాపు అన్నీ ఈ వరస తిరగేసినవే. డబ్బాలో కంప్యూటర్ మెరిసిపోతూ ఉంటుంది, ట్యాంకులో తుప్పు అలాగే ఉంటుంది.

అసలు నిన్ను ఇబ్బంది పెడుతున్నది ఏమిటో ముందు తేల్చుకో. ఎండాకాలం మధ్యాహ్నం బండి ఆపి, పది నిమిషాల తర్వాత తాళం తిప్పితే స్టార్ట్ కాకపోవడం ఒక్కటే అయితే, దానికి ఇంజెక్షన్ అక్కర్లేదు. నీ బండిలో ఉన్న ఈ బీఎంసీ (బ్రిటిష్ కంపెనీ) ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ హెడ్‌కి ఒకే పక్కన ఉంటాయి. కార్బరేటర్ ఎగ్జాస్ట్ సెగ మీదే కూర్చుని ఉంటుంది. బండి ఆపగానే ఆ వేడికి ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ మరుగుతుంది. మధ్యలో హీట్ షీల్డ్ రేకు, ఇన్సులేటింగ్ బ్లాకు సరిగ్గా ఉండి, పెట్రోల్ పైపుని ఎగ్జాస్ట్‌కి దూరంగా తిప్పితే ఆ బాధ చాలావరకు పోతుంది. నీ బండిలో ఉన్న ఎస్‌యూ రకం మంచి కార్బరేటర్. ఇంజిన్ పీల్పుని బట్టి పిస్టన్ తనే లేస్తుంది, దాంతోపాటు లేచే నీడిల్ పెట్రోల్ కొలుస్తుంది. నీడిల్, జెట్ అరిగిపోయి, డ్యాష్‌పాట్‌లో ఆయిల్ లేక, థ్రాటిల్ షాఫ్ట్ లూజై గాలి పీలుస్తున్న కార్బరేటర్‌ని చూసి పాత టెక్నాలజీ అనేయడం న్యాయం కాదు.

ఇంజెక్షన్ వల్ల వచ్చే లాభాలూ నిజమైనవే. పొద్దున్నే చోక్ లాగకుండా స్టార్ట్ అవుతుంది. సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న హైదరాబాద్ నుంచి విజయవాడ దిగినా, అరకు ఘాట్ ఎక్కినా, మారే గాలి చిక్కదనానికి తగ్గట్టు పెట్రోల్ సర్దుకుంటుంది. అన్నిటికంటే పెద్ద కారణం ఇప్పుడు బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ పెట్రోల్. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అంతే గాలికి ఇంకాస్త ఎక్కువ ఇంధనం కావాలి. పాత నీడిల్ మీద ఆ పెట్రోల్ పోస్తే ఇంజిన్ లీన్‌గా (గాలికి పెట్రోల్ తక్కువై; ఎక్కువైతే రిచ్ అంటాం), వేడిగా నడుస్తుంది. కార్బరేటర్‌లో దీనికి కొత్త నీడిల్ వెతకాలి, ఇంజెక్షన్‌లో కంప్యూటర్‌లోని పెట్రోల్ టేబుల్‌లో అంకె మారిస్తే సరిపోతుంది. పవర్ మాత్రం పెద్దగా పెరుగుతుందనుకోకు. ఈ 1489 సీసీ ఇంజిన్ పీల్చే గాలిని నిర్ణయించేది దాని పోర్టులు, క్యామ్ షాఫ్ట్. అవి మారనప్పుడు పవర్ ఎక్కడి నుంచి వస్తుంది? నడక మెత్తబడుతుంది, మిస్సింగ్ పోతుంది, పికప్‌లో తడబాటు పోతుంది. అది చాలనుకుంటే ముందుకి వెళ్లు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. 2021లో కేంద్రం తెచ్చిన రూల్ ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరగకుండా అసలు రూపంలో ఉండాలని షరతు. పైగా అలా రిజిస్టర్ చేసిన కారుని రోజువారీ పనులకి తిప్పకూడదు. నువ్వు ఆదివారాలే కాకుండా ఆఫీసుకి కూడా తీసుకెళ్లాలనుకుంటున్నావు కాబట్టి ఆ దారి నీది కాకపోవచ్చు. అయినా రేపు నీ మనసు మారవచ్చు, నీ కొడుకు మనసు మారవచ్చు. అందుకని నా షరతు ఒకటి: వెనక్కి తిప్పలేని పని ఏదీ చేయకు. హెడ్‌కి, బ్లాక్‌కి, అసలు మ్యానిఫోల్డ్‌కి రంధ్రం పడకూడదు. ఇంకో మ్యానిఫోల్డ్ పాత సామాన్లలో దొరుకుతుంది, కోయాల్సింది ఉంటే దాన్ని కొయ్యి. తీసిన ప్రతి పార్టు ఆయిల్ రాసి, పేరు రాసిన సంచిలో కట్టి దాచు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఆర్‌సీలో రాసిన వివరాలకి విరుద్ధంగా మార్పులు చేయకూడదంటుంది. నీ ఇంజిన్ నంబరు, సీసీ, ఇంధనం ఏవీ మారడం లేదు. అయినా మొదలుపెట్టే ముందు ఆర్‌టీఏ ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరా రాతపూర్వకంగా అడిగి జవాబు ఫైల్లో పెట్టుకో.

ఇప్పుడు ఇంజిన్. ఇంజెక్షన్ ఏ జబ్బునీ నయం చేయదు, ఉన్న జబ్బుకి కొత్త పేరు పెడుతుంది అంతే. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూడు. నాలుగింటి మధ్య తేడా 10 శాతం దాటకూడదు. దాటితే ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడు. అంకె లేస్తే రింగులు, లేవకపోతే వాల్వులు. ట్యాపెట్లు 15 థౌకి (అంగుళంలో వెయ్యో వంతులు) సెట్ చెయ్యి. మ్యానిఫోల్డ్‌కి వాక్యూమ్ గేజ్ పెట్టి ఐడిల్‌లో ముల్లు ఎక్కడ నిలబడుతుందో చూడు. 18 అంగుళాల (పాదరసం కొలత) పైన కదలకుండా ఉంటే మంచి ఇంజిన్. ముల్లు వణుకుతుంటే వాల్వు, మొత్తంగా తక్కువగా ఉంటే గాలి లీకో టైమింగో చూడాలి. నువ్వు పెట్టబోయే సిస్టమ్ మ్యానిఫోల్డ్‌లోని ప్రెషర్ చూసే ఎంత పెట్రోల్ పోయాలో లెక్క వేస్తుంది. ఆ ప్రెషరే తప్పయితే లెక్క మొత్తం తప్పు.

హెడ్ ఎలాగూ దింపాల్సి వస్తే ఎగ్జాస్ట్ వాల్వులకి గట్టి సీట్లు వేయించు. మన దేశంలో 2000లో సీసం కలిపిన పెట్రోల్ ఆగిపోయింది. ఈ హెడ్‌లో సీట్లు ఆ సీసం ఇచ్చే రక్షణ మీద ఆధారపడ్డవి. ఎక్కువ లోడ్ మీద నడిపితే సీటు మెల్లగా లోపలికి అరుగుతుంది, ట్యాపెట్ గ్యాప్ దానంతట అదే తగ్గిపోతూ ఉంటుంది. ఇది ఎందుకు చెప్తున్నానో పోర్టుల దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది.

కరెంటు విషయంలో నీ కారుకి ఇంకా డైనమోనే ఉందని గుర్తు. ఐడిల్‌లో అది ఇచ్చేది దాదాపు సున్నా, బాగా తిరిగితే 20 ఆంపియర్ల చిల్లర. ఇంజెక్షన్ పంపు ఒక్కటే 5 ఆంపియర్ల దాకా తాగుతుంది. దానికి ఆక్సిజన్ సెన్సర్ హీటరు, ఇంజెక్టర్లు, కాయిల్, రాత్రి హెడ్‌లైట్లు, వానలో వైపరు కలుపుకో. ఆల్టర్నేటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. చిన్న పెట్రోల్ కార్లలో వాడే ఆల్టర్నేటర్‌కి బ్రాకెట్ చేయించి బిగించడం ఆటోనగర్‌లో ప్రతి ఎలక్ట్రీషియన్‌కీ తెలిసిన పని. ఇంకొకటి, ఈ బ్రిటిష్ వంశం పాత బళ్లలో కొన్నిటికి బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి ఎర్త్ అయి ఉండేది. నీ కారులో ఏది ఎర్తో మీటర్ పెట్టి నువ్వే చూసుకో. ప్లస్ ఎర్త్ అయితే మైనస్‌కి మార్చి, కాయిల్ వైర్లు, ఆమ్‌మీటర్ వైర్లు తారుమారు చేశాకే ఎలక్ట్రానిక్ వస్తువు ఏదైనా తగిలించు. లేకపోతే కంప్యూటర్ మొదటి సెకనులోనే కాలిపోతుంది.

ఎర్తింగ్ గురించి నేను పట్టుబట్టి చెప్పేది వినాలి. సెన్సర్ల ఎర్త్ వైర్లన్నీ కంప్యూటర్ దగ్గరికే వెళ్లాలి. కంప్యూటర్ ఎర్త్ ఇంజిన్ బ్లాక్ మీద శుభ్రంగా గీకిన ఒకే ఒక్క బోల్టుకి వెళ్లాలి. కూలెంట్ సెన్సర్ ఎర్త్ ఒకచోట, థ్రాటిల్ సెన్సర్ ఎర్త్ బాడీ మీద ఇంకోచోట పెడితే, హెడ్‌లైట్ వేసినప్పుడల్లా కంప్యూటర్‌కి ఇంజిన్ వేడి మారినట్టు కనిపిస్తుంది. రెండు వైర్లు పురి తిప్పి టేపు చుట్టే పద్ధతి ఈ కారులో ఎక్కడా కనపడకూడదు. మంచి క్రింపింగ్ టూలు కొను, కనెక్టర్లు నీళ్లు చొరబడని రకం తీసుకో, ప్రతి లైనుకి ఫ్యూజు పెట్టు. ప్లగ్ వైర్లు ఉత్త రాగి తీగవి అయితే తీసేసి, సప్రెషన్ ఉన్నవి వేయి. ప్లగ్గులు కూడా రెసిస్టర్ రకమే కావాలి. లేకపోతే స్పార్క్ నుంచి వచ్చే గోలకి కంప్యూటర్ నడుస్తూ నడుస్తూ రీసెట్ అవుతుంది. కారు దారి మధ్యలో క్షణం పాటు చచ్చి మళ్లీ బతుకుతుంది. ఇలాంటి కంప్లైంట్‌కి జనం వారాల తరబడి పెట్రోల్ టేబుల్‌లో తప్పు వెతుకుతారు.

పెట్రోల్ లైను దగ్గర నాకు నిజంగా భయం ఉంది, అందుకే కాస్త గట్టిగా రాస్తున్నాను. కార్బరేటర్‌కి పెట్రోల్ 2, 3 పీఎస్‌ఐ ప్రెషర్‌తో వస్తుంది. ఇంజెక్షన్‌లో 3 బార్, అంటే 43 పీఎస్‌ఐ. పాత లైనులో చెమ్మగా కనపడే లీకు ఈ లైనులో పిచికారీ అవుతుంది. ఆ పిచికారీ పడే చోటు, ముందే చెప్పానుగా, ఎర్రగా కాలుతున్న ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్. కాబట్టి కార్బరేటర్ హోసు ఒక్క అంగుళం కూడా ఈ లైనులో ఉండకూడదు. ఇంజెక్షన్ ప్రెషర్‌కి, ఇథనాల్‌కి తట్టుకునేదని పైన అచ్చు వేసిన హోసే వాడు. క్లిప్పులు కూడా ఇంజెక్షన్ హోసుకని అమ్మే చుట్టూ సమంగా పట్టేవి తీసుకో. పళ్లున్న పాత రకం హోసుని కోసేస్తాయి. ఛాసిస్ కింద పొడుగునా స్టీలు పైపే వెయ్యి. హోసు చివర్లలో మాత్రమే, ఇంజిన్ ఊగే చోట.

పంపుని నేరుగా ఇగ్నిషన్ స్విచ్‌కి కలపమని ఎవరైనా చెబితే వినొద్దు. కంప్యూటర్ నడిపే రిలే ద్వారానే కరెంటు వెళ్లాలి. తాళం తిప్పగానే పంపు రెండు సెకన్లు తిరిగి ప్రెషర్ నింపి ఆగుతుంది, ఇంజిన్ తిరుగుతున్నట్టు సిగ్నల్ వస్తేనే మళ్లీ తిరుగుతుంది. ప్రమాదం జరిగి ఇంజిన్ ఆగితే పంపూ ఆగుతుంది. అదే నేరుగా కలిపితే, పైపు తెగినా తాళం తీసేదాకా పెట్రోల్ చిమ్ముతూనే ఉంటుంది. దానికి తోడు గుద్దుకుంటే కరెంటు తెంపే ఇనర్షియా స్విచ్ ఒకటి వరసలో పెట్టు. డ్రైవర్ సీటు కింద ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి, పని జరిగే రోజుల్లో షెడ్డులో ఇంకొకటి.

ట్యాంకు దించి, లోపల తుప్పు కడిగించు. ఇథనాల్ పాత ట్యాంకులోని మడ్డినంతా కరిగించి తెస్తుంది, ఇంజెక్టర్ మొన సన్నం. పంపు ముందు ముతక జాలి ఫిల్టరు, పంపు తర్వాత 10 మైక్రాన్ల ఫిల్టరు పెట్టు. తారుమారు చేస్తే సన్న ఫిల్టర్‌లోంచి పీల్చలేక పంపు కాలిపోతుంది. పాత ట్యాంకులతో ఇంకో చిక్కు ఉంది. పెట్రోల్ తక్కువగా ఉన్నప్పుడు మలుపు తిరిగితే అది పక్కకి పోయి పైపు మొన గాలి పీలుస్తుంది. కార్బరేటర్‌కి ఫ్లోట్ చాంబర్ ఉండేది కాబట్టి ఆ క్షణం తెలిసేది కాదు. ఇంజెక్షన్‌లో వెంటనే తెలుస్తుంది, ఇంజిన్ టక్కున తెగుతుంది. దీనికి లీటరు పైచిలుకు పట్టే చిన్న సర్జ్ ట్యాంకు పెట్టాలి. తక్కువ ప్రెషర్ పంపు పెద్ద ట్యాంకు నుంచి దాన్ని ఎప్పుడూ నిండుగా ఉంచుతుంది, ఇంజెక్షన్ పంపు అందులోంచి తీసుకుంటుంది, మిగిలింది రిటర్న్ పైపులో వెనక్కి వస్తుంది. దాన్ని మనుషులు కూర్చునే చోటుకి బయటే బిగించాలి.

ఇక అసలు విషయానికి వస్తున్నాను. నువ్వు పంపిన ఫొటోలో నాలుగు ఇంజెక్టర్లు, సిలిండర్‌కి ఒకటి చొప్పున, అందంగా వరసగా ఉన్నాయి. అది నీ ఇంజిన్‌కి పనికిరాదు. నీ ఇంజిన్ బీఎంసీ బీ సిరీస్, దాని హెడ్‌కి ఇన్‌టేక్ పోర్టులు రెండే. 1, 2 సిలిండర్లకి ఒకటి, 3, 4 సిలిండర్లకి ఒకటి. ఫైరింగ్ ఆర్డర్ 1, 3, 4, 2. వరస చూడు: 3 పీల్చిన వెంటనే 4 పీలుస్తుంది, ఆ తర్వాత 2, దాని వెంటనే 1. అంటే ఒక్కో పోర్టులో ఇద్దరు వెంట వెంటనే పీల్చి, తర్వాత చాలాసేపు ఎవరూ పీల్చరు. ఆ ఖాళీ సమయంలో ఇంజెక్టర్ పోసిన పెట్రోల్ పోర్టులోనే నిలబడి ఉంటుంది. ముందు పీల్చిన 2, 3 సిలిండర్లు దాన్ని లాగేసుకుంటాయి. వెనక పీల్చే 1, 4కి గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. ఒకే కంచంలో ఇద్దరు పిల్లలకి అన్నం పెట్టి పైన నెయ్యి వేస్తే ముందు చెయ్యి పెట్టినవాడి ముద్దకే నెయ్యంతా అంటుతుందే, అలా అవుతుంది.

ఇందులో ప్రమాదం ఏమిటంటే నీకు అది కనపడదు. ఎగ్జాస్ట్ పైపులో పెట్టిన ఆక్సిజన్ సెన్సర్ నాలుగు సిలిండర్ల పొగనీ కలిపి చూస్తుంది. లోపలి రెండు రిచ్, బయటి రెండు లీన్, సగటు తీస్తే సరిగ్గా ఉంటుంది. ల్యాప్‌టాప్ మీద అంకె చక్కగా ఉంటుంది, 1, 4 ఎగ్జాస్ట్ వాల్వులు మాత్రం లోపల కాలుతూ ఉంటాయి. సీసం లేని పెట్రోల్, మెత్తటి సీట్లు, పైన లీన్ మిశ్రమం, మూడూ కలిస్తే వాల్వు ఎంతకాలం ఉంటుందో నువ్వే ఆలోచించు.

ఇది ఇంగ్లండ్‌లో ఈ ఇంజిన్ కుటుంబాన్ని తయారుచేసినవాళ్లకే ఎదురైన చిక్కు. బీ సిరీస్‌కి తమ్ముడు లాంటి ఏ సిరీస్ ఇంజిన్ మినీ కార్లలో ఉండేది, దానికీ ఇదే ఐదు పోర్టుల (రెండు ఇన్‌టేక్, మూడు ఎగ్జాస్ట్) హెడ్. 1990ల మొదట్లో మినీకి ఇంజెక్షన్ పెట్టినప్పుడు రోవర్ కంపెనీ కార్బరేటర్ ఉండే చోట ఒకే ఒక్క ఇంజెక్టర్ ఉన్న థ్రాటిల్ బాడీ పెట్టింది. 1996లో రెండో పద్ధతికి వెళ్లింది, పోర్టుకి ఒకటి చొప్పున రెండు ఇంజెక్టర్లు. అక్కడ ఏ సిలిండర్ ఎప్పుడు పీలుస్తుందో చూసి, ఒక్కో సిలిండర్‌కి విడిగా, సరిగ్గా ఆ క్షణానికే చిమ్మేలా కంప్యూటర్‌ని కట్టారు. అది చేయాలంటే క్యామ్ సెన్సర్ కావాలి, ఇంజెక్టర్ వేగంగా పనిచేయాలి, ఏ స్పీడులో ఎన్ని డిగ్రీలకి చిమ్మాలో వెతికి పట్టుకోవాలి. మెగాస్క్వర్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి జంట పోర్టుల కోసం ప్రత్యేకంగా ఏర్పాటు ఉంది. ఓపిక ఉంటే రెండేళ్ల తర్వాత చూద్దువుగాని. ఇప్పటికి మొదటి పద్ధతే నీది. గాలి, పెట్రోల్ పోర్టులదాకా రాకముందే, మ్యానిఫోల్డ్ గుమ్మంలోనే కలిసిపోవాలి. కార్బరేటర్ ఇన్నేళ్లూ చేసింది అదే.

ఎస్‌యూ ఫ్లాంజికి సరిపోయేలా అల్యూమినియం అడాప్టర్ బ్లాకు ఒకటి చేయించాలి. దాని మీద కేబుల్‌తో నడిచే థ్రాటిల్ బాడీ, పొజిషన్ సెన్సర్, ఐడిల్ వాల్వు ఉన్నది. ఎలక్ట్రానిక్ పెడల్ రకం వద్దు. నీ పాత కార్బరేటర్ బోరు సుమారు 32 మిల్లీమీటర్లు, కొత్తది 38, 40 దాటనివ్వకు. పెద్దది పెడితే పెడల్ మీద కాలు ఆనించగానే బండి ఎగిరిపడుతుంది, ట్రాఫిక్‌లో నడపలేవు. ఇంజెక్టర్లు అడాప్టర్‌లో రెండు, చిమ్మే ధార ఎదురు గోడకి కొట్టకుండా గాలి వెళ్లే దిక్కుకి వాలి ఉండాలి. ఎగ్జాస్ట్ నుంచి మ్యానిఫోల్డ్‌కి అందే వేడిని పూర్తిగా అడ్డుకోకు. పెట్రోల్ ఇంత దూరం మ్యానిఫోల్డ్‌లో ప్రయాణం చేయాలి కాబట్టి గోడలు చల్లగా ఉంటే తడి అంటుకుపోతుంది.

ఇంజెక్టర్ సైజు లెక్క కష్టం కాదు. పూర్తి లోడ్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కి నిమిషానికి సుమారు 5.25 సీసీ పెట్రోల్ కావాలి. నీ ఇంజిన్‌కి 55 హార్స్‌పవర్ అనుకుందాం, 290 సీసీ దగ్గర. ఇంజెక్టర్‌ని 85 శాతానికి మించి తెరిచి ఉంచకూడదు కాబట్టి 340. ఇథనాల్ కోసం ఇంకో 8 శాతం, 365 పైన. రెండు ఇంజెక్టర్లు కాబట్టి ఒక్కోటి 180 నుంచి 200 సీసీ. 12 నుంచి 16 ఓమ్‌ల రకం తీసుకో. పెద్దవి ఉంటే మంచిదే కదా అని 400 సీసీవి కొనొద్దు. ఐడిల్‌లో అవి తెరిచి ఉండే సమయం మరీ తక్కువైపోయి, ప్రతి చిమ్ముకీ కొలత మారుతుంది, ఐడిల్ ఎన్నటికీ కుదురుకోదు.

ఇగ్నిషన్‌ని ఇప్పుడు ముట్టుకోకు. పెట్రోల్, స్పార్క్ రెండూ ఒకేసారి మారిస్తే, స్టార్ట్ కాని రోజున తప్పు ఎటువైపు ఉందో తెలియదు. ముందు డిస్ట్రిబ్యూటర్‌తోనే నడిపించు. ఆర్‌పీఎం సిగ్నల్ కాయిల్ మైనస్ నుంచి తీసుకోవచ్చు. డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటు తెంపి కలిపే పాయింట్లు ఎగిరితే సిగ్నల్ తప్పుగా పడుతుంది, అందుకని పాయింట్ల స్థానంలో పట్టే ఎలక్ట్రానిక్ పికప్ కిట్ వెయ్యి. షాఫ్ట్ పక్కలకి ఊగుతుంటే ముందు బుష్ మార్పించు. పెట్రోల్ వైపు అంతా కుదిరి ఒక ఎండాకాలం గడిచాక, క్రాంక్ పుల్లీ మీద 36 పళ్లలో ఒకటి తీసేసిన వీల్ పెట్టి స్పార్క్‌ని కూడా కంప్యూటర్‌కి అప్పగించవచ్చు.

కంప్యూటర్ సంగతి ఇప్పుడు. మెగాస్క్వర్ట్‌ని 2001 ప్రాంతంలో అమెరికాలో బౌలింగ్, గ్రిప్పో అనే ఇద్దరు మొదలుపెట్టారు. స్పీడుయీనో ఆర్డుయీనో బోర్డు మీద నడిచే ఓపెన్ సోర్స్ సిస్టమ్, చవక. రెండు ఇంజెక్టర్ల పనికి రెండూ చాలు. నన్ను అడిగితే మైక్రోస్క్వర్ట్ తీసుకో. చిన్న సీల్ చేసిన డబ్బా, రెండు ఇంజెక్టర్ ఛానెళ్లు, మన అవసరం అంతే. లోపల మ్యాప్ సెన్సర్ (మ్యానిఫోల్డ్ ప్రెషర్ కొలిచేది) ఉండదు, విడిగా కొనాలి. స్పీడుయీనో బోర్డులో టంకం నువ్వే వేస్తానంటే నాకు అభ్యంతరం లేదు, నీ చదువు అదే కదా. కానీ ఒక్క వదులు టంకం 45 డిగ్రీల ఎండలో నందిగామ దగ్గర బయటపడుతుంది, అది తలుచుకుని వెయ్యి. ఏదైనా సరే డ్యాష్‌బోర్డు కింద, క్యాబిన్ లోపలే బిగించు, ఇంజిన్ దగ్గర వద్దు.

ట్యూనింగ్‌కి వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ తప్పనిసరి. దాన్ని మూడు ఎగ్జాస్ట్ దారులూ కలిసిన తర్వాత, పైపు పైభాగంలో కాస్త వాలుగా పెట్టు, చెమ్మ అందులో నిలవకూడదు. దానికి ముందు ఎక్కడ ప్యాకింగ్ లీకైనా బయటి గాలి చొరబడి, ఇంజిన్ లీన్ అని అబద్ధం చెబుతుంది. కరెంటు ఇవ్వకుండా సెన్సర్‌ని ఎగ్జాస్ట్‌లో వదిలి బండి నడిపితే మసి పట్టి పాడవుతుంది.

అంకెలు ఎప్పుడూ లాంబ్డాలో చూడు. గాలి, పెట్రోల్ బరువుల నిష్పత్తి 14.7 ఉండాలని ఇంటర్నెట్‌లో అందరూ అంటారు, అది ఇథనాల్ లేని పెట్రోల్‌కి. 10 శాతం కలిపితే 14.1, 20 శాతానికి 13.5 దగ్గర. సెన్సర్ అసలు కొలిచేది లాంబ్డా, గేజ్ దాన్ని గుణించి చూపిస్తుంది. లాంబ్డా 1 అంటే ఏ పెట్రోల్‌లోనైనా సమంగా కాలుతోందనే, 1కి తక్కువైతే రిచ్, ఎక్కువైతే లీన్. ఐడిల్‌లో 0.95, నెమ్మదిగా సాగేటప్పుడు 0.97, పూర్తి లోడ్‌లో 0.87 పెట్టుకో. మైలేజీ కోసం 1 దాటించొద్దు. కొత్త కార్లు 1 దగ్గరే నడుస్తాయి, కానీ వాటి సిలిండర్లన్నిటికీ సమానంగా అందుతుంది. నీ ఇంజిన్‌లో సగటు 1 దాటితే 1, 4 సిలిండర్లు ఎక్కడుంటాయో తెలియదు. అందుకే ట్యూనింగ్ ఎంత బాగా కుదిరినా, లోడ్ మీద కొంత దూరం నడిపి, ఇంజిన్ కట్టేసి, ఐడిల్ చేయకుండా పక్కకి ఆపి నాలుగు ప్లగ్గులూ విప్పి చూడాలి. బయటివి తెల్లగా, లోపలివి నల్లగా ఉంటే స్క్రీన్ మీద అంకెని పక్కన పెట్టి ప్లగ్గు మాటే విను. మొత్తం మిశ్రమాన్ని కాస్త రిచ్ చేసి, ఇంజెక్టర్ల వాలు సరిచూడు.

మొదట ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన స్థితిలో ట్యూన్ చెయ్యి. ఐడిల్, తర్వాత లోడ్ లేకుండా రెండు వేల ఆర్‌పీఎం, తర్వాత ఖాళీ రోడ్డు. చలి స్టార్టింగ్ రోజుకి ఒక్కసారే దొరుకుతుంది కాబట్టి దానికి నెలలు పడుతుంది, డిసెంబరు పొద్దుటి కోసం ఆగాల్సిందే. పెడల్ ఒక్కసారి నొక్కినప్పటి ఎక్స్‌ట్రా పెట్రోల్ అన్నిటికంటే చివర. ల్యాప్‌టాప్‌లో వాడే ట్యూనర్‌స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో ఆటోట్యూన్ ఉంది, స్థిరంగా నడిచేటప్పుడు బాగానే పనిచేస్తుంది. మార్చిన ప్రతిసారీ ఫైలుని తారీఖు వేసి విడిగా సేవ్ చేసుకో. రోడ్డు మీద ల్యాప్‌టాప్ నువ్వు పట్టుకుంటే స్టీరింగ్ ఇంకొకరి చేతిలో ఉండాలి. ఈ ఒక్క విషయంలో మీ అమ్మకి మాట ఇచ్చాను.

వచ్చే ఆదివారం కంప్రెషన్ చూసి నాలుగు అంకెలూ, వాక్యూమ్ గేజ్ రీడింగూ, బ్యాటరీ ఎర్త్ ఏ వైపో రాసి పంపు. ఎస్‌యూ ఫ్లాంజి బోల్టుల మధ్య దూరం వెర్నియర్‌తో కొలిచి పంపితే అడాప్టర్ బ్లాకు ఇక్కడే, నా ఎదురుగా చేయిస్తాను. ఇంజెక్టర్లు, కంప్యూటర్ అప్పటిదాకా ఆర్డర్ పెట్టకు.

మీ మామయ్య